మేకు దిగని గిటారు

సెప్టెంబర్ 15, ఆదివారం

ఈ డైరీ జనవరిలో మందుల ఏజెన్సీ వాళ్ళు మా మెడికల్ షాపుకు ఇచ్చింది. ప్రతి పేజీ కింద ఒక దగ్గు మందు సీసా బొమ్మ. ఓనరు అక్కర్లేదంటే నేను ఇంటికి తెచ్చుకున్నాను. ఇన్ని నెలలూ రాసేంత కోపం రాలేదు. ఆగస్టులో వచ్చింది గానీ అప్పుడు పెన్ను దొరకలేదు. ఇవాళ దొరికింది.

ఆరాధన అయ్యాక కీబోర్డు వాయించే ప్రేమ్‌చంద్ క్వయర్‌లో పాడేవాళ్ళను ఆపి కోత పండుగ సంగతి ఎత్తాడు. మా చర్చికి ఏడాది మొత్తంలో అదే పెద్ద పండుగ. పొలమున్నవాళ్ళు పంట తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ప్రార్థనయ్యాక దాన్ని వేలం వేస్తారు. మెట్‌పల్లి చుట్టుపక్కల సంఘాలన్నీ వస్తాయి. ఆ రోజు స్టేజీ మీద ఎవరుంటే ఏడాదంతా వాళ్ళదే క్వయర్.

"గిటారు ఎవలకు వినబడుతలేదు" అన్నాడు, అందరి వైపూ చూస్తూ, నా వైపు తప్ప. "కీబోర్డుల అన్నీ ఉన్నయి. క్యాథరిన్ కింద ఆడోళ్ళ వరుసల నిలబడి పాడితె సరిపోతది."

నాలుగేళ్ళుగా ఆ స్టేజీ మీద గిటారు నాది. నాకంటే ముందు అహరోను తాతది. నాకు నేర్పింది ఆయనే, గిటారూ ఆయనదే. ఆయన పోయాక కూడా ప్రతి ఆదివారం ఆయన భార్య బుచ్చవ్వ దగ్గర తీసుకుని, వాయించి, మళ్ళీ ఇచ్చి వస్తున్నాను. ప్రేమ్‌చంద్ పెద్ద కీబోర్డు తెచ్చి సౌండు బాక్సులకు తగిలించినప్పటినుంచి దాని గొంతు మునిగిపోయింది. అది నిజమే. కానీ మునిగినవాణ్ణి జుట్టు పట్టి బయటికి లాగుతారు గానీ, వినబడట్లేదు కదా అని పాతిపెడతారా?

"మైకు పెట్టున్రి" అన్నాను.

"గిటారు ముందట మైకు పెడితె కీబోర్డు మోత గుంజుకోని కూ అంటది. పోయినసారి సూసినం గద."

"అయితె నేనే వినబడేటట్టు చేస్త."

"ఎట్ల?"

"ఎట్లనో అట్ల."

వెనక నుంచి ఎవరో "ఆడలేక మద్దెల ఓడు" అన్నారు. ఎవరో నాకు తెలుసు, రాయను. పాస్టరు అయ్యగారు మధ్యలోకి వచ్చి తీర్పు చెప్పారు. పండుగ ముందురోజు శనివారం ప్రాక్టీసులో గిటారు బాక్సుల్లోంచి వినబడాలి. వినబడితే స్టేజీ. లేకపోతే ఇక ఎప్పటికీ కింద, ఆడవాళ్ళ వరుస.

ప్రేమ్‌చంద్ గురించి ఈ డైరీలో ఒక్క ముక్క రాయను.

సెప్టెంబర్ 16

ఒక్క ముక్క రాసి వదిలేస్తాను, లేకపోతే లెక్క తెగదు. జూలైలో నాకూ అతనికీ ప్రధానం అయింది. ఉంగరాలు, కేకు, ఫొటోలు. ఆగస్టులో వాళ్ళింటికి చుట్టాలొస్తే నన్నూ పిలిచారు. ఎవరో "పిల్ల గిటారు కొడుతదట గద" అన్నారు. అతను నవ్వుతూ "పెండ్లయ్యేదాంక కొట్టుకోని. తర్వాత నేనున్న కద" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చిన మూడో రోజు ఉంగరం తిరిగి పంపాను.

అప్పటినుంచి, కన్నతల్లి అయ్యుండీ, అవ్వ నాతో మాట్లాడదు. ఇంట్లో ఉండేదే ఇద్దరం, బాపు కువైట్‌లో. అందుకని నాకు చెప్పాల్సినవన్నీ టీవీకి చెబుతుంది. "తిన్న పళ్ళెం గాడనే పెట్టిండ్లు" అంటుంది, వార్తలు చదివే అమ్మాయితో.

అతని మీద నాకు కోపం లేదు. నా పంతం గిటారు గురించి. రెండూ వేరు.

సెప్టెంబర్ 18

వినాయకుల నిమజ్జనం అయిపోయింది కాబట్టి రాజం కాక దుకాణంలో దొరికాడు. బస్టాండు వెనక మైక్‌సెట్ దుకాణం ఆయనది. పెళ్ళికైనా చావుకైనా మా చర్చికైనా ఆయన బాక్సులే. గొంతు పూర్తిగా పోయింది, సగం సైగలతో మాట్లాడాడు.

"దాన్ని పికప్ అంటరు బిడ్డా. కరీంనగర్‌ల దొరుకుతది. గిటారు అడుగున బొక్క కొట్టి, లోపల బిగించాలె. పిన్ను గుచ్చితె సాలు, సీదా బాక్సుల పలుకుతది."

ఇంత సుళువా అనుకుంటూ బుచ్చవ్వ ఇంటికి పోయాను. ఇంత సుళువు కాదు.

సెప్టెంబర్ 19

నిన్న రాయలేకపోయాను, కోపం. ఇవాళ రాస్తున్నాను.

బొక్క అన్న మాట వినగానే బుచ్చవ్వ గిటారు తీసుకుని మంచం మీద, తన వెనకాల పెట్టుకుంది.

"దానికి ముందుగాలనే ఇంత పెద్ద బొక్క ఉంది గద బుచ్చవ్వా. ఇంకోటి చిన్నది" అన్నాను.

"గది దాంతోని పుట్టిన బొక్క. నువ్వు కొట్టేది గాయం."

"తాత ఉంటే ఒప్పుకునేటోడు."

"ఒప్పుకునేటోడే. గందుకే గిది నాది, ఆయనది కాదు." అప్పుడు చెప్పింది. ఇన్నేళ్ళలో నాకు తాత కూడా చెప్పలేదు. "కరువు ఏడాది. మక్క మొత్తం ఎండింది. కోత పండుగకు పట్టుకపోనీకి పిడికెడు గింజ లేదు. మీ తాత సిగ్గుకు సచ్చి గిటారు తీస్కపోయి బలిపీఠం ముందట పెట్టిండు. పెట్టినంక అది దేవునిది, వేలంల ఎవలన్న పాడుకోవచ్చు. కోరుట్ల నుంచి వచ్చినోడు ఒకడు పాడుతనే ఉన్నడు. మీ తాత తల దించుకున్నడు. నేను లేసిన. ఆడది వేలం పాడుడు ఏందని నవ్విండ్లు. నవ్వని అనుకున్న. బీడీలు చేసిన పైసలు కొంగుల ఉన్నయి. వాడు పెంచిన కొద్ది నేను పెంచిన. వాడే కూసున్నడు. దేవునికి ఆయన ఇచ్చిండు, దేవుని తాన నేను కొన్న. నడుమల ఎవలకు హక్కు లేదు, నీకు సుత లేదు. వాయించు, నేను వద్దన్ననా? గని మేకు దిగొద్దు. రంగు లేవొద్దు."

దారి పొడవునా తిట్టుకుంటూ వచ్చాను. ఇంటి మలుపు తిరిగేసరికి తిట్లు అయిపోయాయి. ఆమె అంత మొండిది కాకపోతే ఆ గిటారు ఈపాటికి కోరుట్లలో ఎవరి అటక మీదో ఉండేది.

మేకు దిగొద్దు, రంగు లేవొద్దు. సరే. పెట్టాలి, మళ్ళీ తీసేయాలి, తీశాక పెట్టినట్టే తెలియకూడదు. అంతే కదా. చేస్తాను.

సెప్టెంబర్ 23

రాజం కాక గొంతు తిరిగొచ్చింది. నా షరతులు విని తల గోక్కున్నాడు. తర్వాత గోడ గడియారం వైపు చూసి చెప్పాడు.

"అలారం గడియారంల ఇత్తడి బిళ్ళ ఉంటది. దానికి కరెంటిస్తె అది ఊగి మోగుతది. ఉల్టా చేస్తె, దాన్ని ఊపితె అది కరెంటిస్తది. చెక్కకు అంటిస్తె చెక్క ఊగుడంత పట్టుకుంటది. బయట మోతతోని దానికి పని లేదు. గని ఒట్టి బిళ్ళతోని సన్నగ పలుకుతది, నా సౌండు తిప్పే మిక్చర్‌ల జర బరువు గొంతు పెంచుదాం."

"గసొంటి బిళ్ళ యాడ దొరుకుతది కాకా?"

"పాత గడియారం ఏమన్న ఉందా ఇంట్ల?"

పాతది లేదు. కొత్తది ఉంది.

ప్రధానం రోజు ప్రేమ్‌చంద్ వాళ్ళమ్మ పద్మలత గారు నాకు పెట్టిన పెట్టెలో చీర, గాజులు, బల్ల మీద పెట్టుకునే ఒక అలారం గడియారం ఉన్నాయి. ఉంగరంతో పాటు చీర, గాజులు పంపించేశాను. గడియారం వాళ్ళు అడగలేదు, నాకు గుర్తు రాలేదు.

గుర్తు రాలేదు అనేది అబద్ధం. దాని మోత బాగుండేది.

సెప్టెంబర్ 24

విప్పాను. అవ్వ వంటింట్లోంచి తొంగి చూసి టీవీతో "పిచ్చి ముదిరింది" అంది.

రూపాయి బిళ్ళంత ఇత్తడి, మధ్యలో తెల్లగా గుండ్రం. మిగతా గడియారం బుద్ధిగా నడుస్తూనే ఉంది.

సెప్టెంబర్ 27

రాజం కాక దగ్గర సోల్డరింగ్ నేర్చుకున్నాను. బతుకమ్మ, దుర్గమ్మ బుకింగులు మొదలయ్యాయి, ఆయన చేసి పెట్టే తీరికలో లేడు. "తెల్లదాని మీద ఎక్కువసేపు కాల్చకు, పలుగుతది" అన్నాడు. రోజూ ఇంజెక్షన్లు చూసేదాన్ని, ఇదేం లెక్క అనుకున్నాను. వేలు కాలింది. మా షాపు ఆయింట్‌మెంట్ మా షాపులోనే కొనుక్కున్నాను.

సెప్టెంబర్ 29, ఆదివారం

గుర్ర్.

సెప్టెంబర్ 30

నిన్న అంతకంటే రాయబుద్ధి కాలేదు. బుచ్చవ్వను బతిమాలి గిటారు, రాజం కాక పాత బాక్సు ఇంటికి తెచ్చుకుని పెడితే తీగ మోతకంటే గుర్రుమనడమే ఎక్కువ. ఇవాళ తెలిసింది, తప్పు నాదే. ఆ వైరుకు లోపల ఒక పోగు, చుట్టూ జాలీ. జాలీ ఇత్తడికి పోవాలి, లోపలి పోగు తెల్లదానికి. నేను తారుమారు చేశాను. మార్చాక గుర్ర్ పోయింది.

పలికింది! సన్నగా, జలుబు చేసిన గొంతులా, కానీ పలికింది. ఒక్కదాన్నే ఇంట్లో గెంతాను. అవ్వ దుకాణానికి పోయింది కాబట్టి సరిపోయింది.

అక్టోబర్ 2

బిళ్ళను ఎలా అంటించాలి అన్నది పెద్ద తంటా. రెండువైపులా అంటుకునే టేపు మా మంచం కోడు మీద వేసి చూశాను. తీస్తే రంగు పెచ్చు లేచి వచ్చింది. బుచ్చవ్వ నన్ను బతకనివ్వదు. దెబ్బలకు వేసే కాగితం టేపు గుర్తు ఏమీ మిగల్చదు గానీ బిళ్ళ వదులుగా ఉండి జిరజిర అంటుంది. వైరును ఒంటికి అతికించడానికి మాత్రం అది చాలా బాగుంది.

పిన్ను గుచ్చే సాకెట్‌కు దారి దొరికింది. షాపులో పాడైన బీపీ మిషన్ పట్టీ ఉంది. దాన్ని కోసి, సాకెట్‌ను అందులో కుట్టి, గిటారు భుజం పట్టీకి చుట్టాను. ఇప్పుడు ఎవరైనా వైరు తొక్కినా గుంజుడు పట్టీ మీద పడుతుంది, బిళ్ళ మీద కాదు. ఇంత తెలివి నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో.

అక్టోబర్ 5

పద్మలత గారు మనిషిని పంపారు, గడియారం అడగమని. నెలన్నర తర్వాత. లెక్క పక్కా మనుషులు.

ఇచ్చి పంపాను. తిరిగి స్క్రూలన్నీ బిగించి, తుడిచి. టైము చక్కగా చూపిస్తుంది. మోగదు, అంతే. మోగేది ఇప్పుడు వేరే పని మీద ఉంది.

అక్టోబర్ 8

బుచ్చవ్వకు మడిమల పగుళ్ళు. జైనూర్ వైపు నుంచి తేనె అమ్మడానికి వచ్చే ఆమె దగ్గర మైనం కొని చిన్న డబ్బాలో పెట్టుకుంటుంది. ఇవాళ నేను గిటారు, బాక్సు మోసుకుని పోయేసరికి మడిమకు రాసుకుంటోంది. చూస్తూ చూస్తూ ఉండగా బుర్రలో వెలిగింది. అడిగితే చిటికెడు తీసి ఇచ్చింది.

బిళ్ళ వెనక పలచగా మైనం, తీగలు కట్టే చెక్క పక్కన అద్ది గట్టిగా నొక్కాను. బంకలా పట్టుకుంది. తీగ మీటితే బాక్సులోంచి అహరోను తాత గిటారు. జలుబు లేదు. బుచ్చవ్వ మడిమ వదిలేసి అలా ఉండిపోయింది. తీసి, గుడ్డతో తుడిచి చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని, దీపం దగ్గరికి తీసుకుపోయి వెతికింది. మచ్చ లేదు.

"ఊఁ" అంది. ఆమె నోట ఆ ఊఁ వచ్చిందంటే పెద్ద మాట.

అక్టోబర్ 20, ఆదివారం

ప్రాక్టీసు పాట కొత్తది, అతనే కట్టాడు. మంచి పాట. మంచిదాన్ని మంచిదనడానికి నాకేం భయం.

అక్టోబర్ 26, శనివారం

సాయంత్రం ప్రాక్టీసు. రాజం కాక బాక్సులు దించి, నా పిన్ను తన మిక్చర్‌కు గుచ్చాడు. నేను మొదటిసారి మీటగానే చర్చి వెనక గోడ దాకా పోయి తిరిగొచ్చింది. అయ్యగారు "మంచిదమ్మా, వినబడుతున్నది" అన్నారు. మద్దెల ఓడు అన్న మనిషి ఫోను చూసుకుంటోంది.

ప్రేమ్‌చంద్ దగ్గరికి వచ్చి వంగి చూశాడు. "గిదేంది?"

"బిళ్ళ."

"యాడిది?"

"మీదే."

కాసేపు అర్థం కాలేదు. అయ్యాక నవ్వాడు. "గందుకేనా, రెండు రోజులు డ్యూటీకి లేటయిన" అన్నాడు. నిజంగా, మనసారా నవ్వాడు.

నవ్వకపోతే బాగుండేది.

అక్టోబర్ 27, ఆదివారం. కోత పండుగ

వరుసగా రాస్తాను, లేకపోతే ఏదో ఒకటి వదిలేస్తాను.

జనం లోపల పట్టరని చర్చి ముందు శామియానా వేశారు. స్టేజీ ఎడమ చివర నా చోటు. శామియానా అక్కడ చినిగి ఉంది, పదకొండింటి ఎండ సరిగ్గా నా ఒడిలో పడుతోంది. బలిపీఠం ముందు గుమ్మడికాయలు, మక్క కంకులు, పసుపు, కాళ్ళు కట్టేసిన ఒక పుంజు. అయ్యగారు ప్రార్థనలో ఎక్కడ ఆగితే అక్కడ అది కూసింది. అవ్వ ఆడవాళ్ళ గుంపులో ఎక్కడో కూర్చుంది. నా వైపు చూడలేదు.

కొత్త పాట మొదలైంది. మొదటి చరణం అంతా గిటారు వినబడింది. వెనక కుర్చీల్లో ఉన్నవాళ్ళు తలలు ఎత్తి ఇటు చూడడం కనబడింది. ఎంత సంతోషమైందో రాయడం రాదు నాకు.

రెండో చరణంలో బిళ్ళ జారింది. వేళ్ళ కింద తెలుస్తూనే ఉంది, మైనం చెమట పట్టినట్టు మెత్తబడింది. చేతులు రెండూ పాటలో ఉన్నాయి, ఏం చేయను? ఊడి చెక్కకు తగిలి బాక్సుల్లో ఢబ్బుమని మోగింది. పుంజు రెక్కలు కొట్టుకుంది. పిల్లలు నవ్వారు. ఆ తర్వాత నేను మీటుతూనే ఉన్నాను గానీ గిటారు లేదు.

ప్రేమ్‌చంద్ చూశాడు. బిళ్ళ వైరుకు వేలాడుతుంటే చూశాడు. ఒక చరణం ఆపొచ్చు. సంగీతం కాసేపు సాగదీయొచ్చు, ఎన్నిసార్లు సాగదీయలేదు? అతను ఎడమ చేయి చాపి కీబోర్డు సౌండు పెంచాడు. ఎంత మామూలుగా పెంచాడంటే, ఈగను తోలినట్టు.

నేను లేచి దిగిపోదామనుకున్నాను. నిజం. సగం లేచాను కూడా.

అప్పుడు బుచ్చవ్వ వచ్చింది. మెట్లెక్కుతూ ఎవరినీ అడగలేదు. పెద్దల్లో ఒకాయన "అమ్మా, పైకి రావద్దు" అంటుంటే ఆయన్ని దాటుకుని వచ్చింది. నా పక్కన నిలబడి, బిళ్ళ అందుకుని, చోటు సరిగ్గా చూసి పెట్టి, బొటనవేలితో నొక్కిపట్టింది.

"కొట్టు" అంది.

కొట్టాను. పలికింది. కింద రాజం కాక మిక్చర్ దగ్గర ఏదో తిప్పాడు, ఇంకా పలికింది. పాట అయ్యేదాకా ఆమె వేలు తీయలేదు. రెండో పాటకూ తీయలేదు. తాళం తప్పకుండా మిగతా నాలుగు వేళ్ళతో చెక్క మీద కొడుతూ ఉంది. ఆ దరువు కూడా బాక్సుల్లో వినబడుతోందని ఆమెకు తెలుసో తెలియదో. ఆడవాళ్ళ గుంపు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. కీబోర్డులోని డప్పు ఒక దారి, బుచ్చవ్వ వేళ్ళు ఒక దారి. సగం పాటకు ప్రేమ్‌చందే డప్పు ఆపేశాడు.

దిగాక అడిగాను, "నిన్నటిదాంక గట్టిగున్న మైనం గిప్పుడెందుకు కరిగింది బుచ్చవ్వా?"

ఆమె ఆలోచించింది. "మడిమలకు రాసేది గద. కొబ్బరినూనె కలిపిన. నీకు చెప్పుడు యాది మర్సిన."

ఇద్దరం గుమ్మడికాయల పక్కన కూర్చుని కడుపు నొచ్చేలా నవ్వాం. మడిమల మందుతో గిటారు వాయించినదాన్ని నేనొక్కదాన్నే ఉంటాను.

అక్టోబర్ 28

నూనె కలవని మైనం దొరికింది. అయ్యగారు "స్టేజీ నీదేనమ్మా" అని కబురు పంపారు.

సంతోషం. సౌండు పెంచిన చేయి మాత్రం కళ్ళ ముందునుంచి పోవట్లేదు.

అక్టోబర్ 30

సాయంత్రం ప్రేమ్‌చంద్, పద్మలత గారు ఇంటికి వచ్చారు. అవ్వ మంచి కప్పులు తీసింది. పద్మలత గారు గడియారం సంగతి ఎత్తలేదు. పండుగలో నా వాయింపు అందరూ మెచ్చుకున్నారని, జరిగిందేదో జరిగిందని, క్రిస్మస్ ముందు పెండ్లి పెట్టుకుందామని చెప్పింది.

తర్వాత అతను చెప్పాడు. "నేను ఆలోచించిన. పెండ్లయినంక సుత నువ్వు గిటారు కొట్టుకో. నాకేం అభ్యంతరం లేదు. మంచిగ బొక్క కొట్టి లోపల పెట్టేది నేనే కొనిస్త. గా బిళ్ళలు, పట్టీలు ఎందుకు?"

అవ్వ ముఖం వెలిగిపోయింది. నెలల తర్వాత.

ఇక్కడ ఒకటి రాయాలి, ఎవరూ చదవరు కాబట్టి. అతనంటే నాకు ఇష్టం. మొదటి పేజీనుంచి రాయనని రాస్తూ రాసిందంతా అదే. పాట కట్టేటప్పుడు పెదవి కొరుక్కునే తీరు ఇష్టం. మొన్న శనివారం నవ్వాడే, ఆ నవ్వుతో పాటు పోయేదాన్నే. ఆదివారం సౌండు పెంచకపోయి ఉంటే ఇవాళ ఊఁ అనేదాన్ని.

"ఆదివారం బిళ్ళ ఊడినప్పుడు సూసినవా?" అని అడిగాను.

"సూసిన."

"మరి?"

"పాట పాడవుతది గద" అన్నాడు. అబద్ధం చెప్పలేదు. అతనికి అందులో తప్పు కనబడలేదు, అంతే.

"నాకుంది అభ్యంతరం" అన్నాను. "గిటారు కొట్టుకోనీకి నిన్ను పర్మిషన్ అడగలే. అడుగుడు గీ ఇంట్లనే నాకు రాదు, మీ ఇంట్ల ఎట్ల వస్తది? బుచ్చవ్వ గిటారుకు బొక్క పడదు. పెట్టుడు, తీసుడు నా చేతులనే ఉంటది. మీరు టీ తాగున్రి."

తాగలేదు. పోయారు. నేను గది తలుపు వేసుకుని ఏడ్చాను. మాట వెనక్కి తీసుకోవాలని కాదు. తీసుకోనని తెలిసి ఏడ్చాను.

అక్టోబర్ 31

దీపావళి. వీధంతా పటాకులు. అవ్వ ఇప్పుడు టీవీతో కూడా మాట్లాడట్లేదు.

రేపు శుక్రవారం, బాపుకు సెలవు. ఫోను వస్తుంది. అవ్వ ఆయనకు చెప్పే ఉంటుంది. బాపు గట్టిగా అరిచే మనిషి కాదు. మెల్లగా "అట్లనా బిడ్డా" అంటాడు. దానికే నాకు భయం.

నవంబర్ 1, శుక్రవారం

ఫోను వచ్చింది. నేనే ఎత్తాను. చెప్పాల్సింది ముందే చెప్పేద్దామని మొదలుపెట్టాను. "బాపూ, నేను గా సంబంధం వద్దన్న. నువ్వు ఏమనుకున్నా సరే."

"ఎరుకే" అన్నాడు. అక్కడ ఎవరో గిన్నె కడుగుతున్న చప్పుడు. "అది సరే గని, ఆదివారం నీ పక్కపొంటి దరువేసింది ఎవలు? మంచిగేసిండ్లు."

నాకు అర్థం కాలేదు. "నీకెట్ల తెలుసు?"

"విన్న గద. నైట్ డ్యూటీ దిగి రూముకు వచ్చిన, మీ అవ్వ ఫోన్ చేసింది. మాట్లాడలే, ఊకనే పట్టుకోని నిలబడ్డది. రూంల నలుగురం ఉన్నం, అందరం విన్నం. నడుమల కొంచెంసేపు నువ్వు ఆగినవ్. ఏమైందో అనుకున్న. మళ్ళ వినబడ్డవ్."

ఫోను పెట్టేశాక వంటింట్లోకి పోయాను. అవ్వ పొయ్యి వైపు తిరిగి జొన్న రొట్టె కొడుతోంది. కుడి భుజం మాటిమాటికీ ఎగరేసుకుంటోంది. ఆదివారం నుంచీ అలాగే చేస్తోంది. నేను చూస్తూనే ఉన్నాను, అడగలేదు.

"రెండు పాటలు మొత్తం ఫోన్ పైకెత్తి పట్టుకున్నవా అవ్వా?"

షాపు సంచిలోంచి నొప్పుల ఆయింట్‌మెంట్ తీసి ఆమె వెనక నిలబడి భుజానికి రాయడం మొదలుపెట్టాను. వద్దనలేదు. ఒక రొట్టె పెనం మీద వేసింది, తిప్పింది, తీసింది.

"గా పిలగాడు మంచోడే" అంది. టీవీ కట్టేసి ఉంది. నాతోనే అంది. "గని నువ్వు దిగిపోతవేమోనని నాకు పానం పోయినంత పనైంది. వాడు సూసి సుత ఊకున్నడు."

ఇంకో ముద్ద తీసి అరచేతుల మధ్య గుండ్రంగా చేసింది.

"వచ్చే ఆదివారం జర గట్టిగ కొట్టు. గా కువైట్ మిషన్ల మోతకు మీ బాపుకు ఎడమ చెవి సక్కగ వినరాదు."